పలకని ఇంజను కొనేముందు

చి. శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే ఆవిరి ఇంజనుకి పచ్చరంగు బొమ్మ, నంబరు 4472, చేసిన బ్రిటిష్ బొమ్మరైళ్ల కంపెనీ హార్న్‌బీ వాళ్ల పాత పెట్టెతో సహా. పక్కనే చీటీ: ‘నాన్ రన్నర్, స్పేర్స్ ఆర్ రిపేర్’, అంటే నడవదు, విడిభాగాలకో రిపేరుకో పనికొస్తుందని. అమ్మేవాడు శనివారం దాకా పక్కన పెడతానన్నాడు, కొనమంటావా మామయ్యా అని అడిగావు. లెస్టర్‌లో ఇంటి వెనక షెడ్డులో ఇన్నేళ్లుగా ఇలాంటివి విప్పుతూ కూర్చున్నాను కాబట్టి (మీ అత్తయ్య దాన్ని తుక్కు కొట్టు అంటుందనుకో) నాకు తెలిసింది రాస్తున్నాను.

ఫోటో మళ్లీ ఒకసారి చూడు. పట్టాల ముక్క మీద ఇంజను ఒక్కటే ఉంది. టెండరు, అంటే ఇంజను వెనక తగిలించే బొగ్గు బండి, ఇంకా పెట్టెలోనే ఉంది. 1980ల్లో హార్న్‌బీ చేసిన స్కాట్స్‌మన్‌లో మోటారు ఇంజన్లో ఉండదు, వెనకున్న టెండర్లో ఉంటుంది. బండిని లాగేది ఇంజను కాదు, దాన్ని వెనక నుంచి నెట్టేది టెండరు. కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసిన మీ తాతయ్య వింటే ఇంజనుకి ఇంతకన్నా అవమానం లేదనేవారు. కరెంటు కూడా ఒక పట్టా నుంచి ఇంజను చక్రాలకీ, రెండో పట్టా నుంచి టెండరు చక్రాలకీ అందుతుంది. రెంటినీ కలిపే లంకె గుండా వెళ్తేనే సర్క్యూట్ పూర్తవుతుంది. అంటే ఇంజన్ని ఒంటరిగా పట్టాల మీద పెట్టి కంట్రోలరు ఎంత తిప్పినా అది కదలదు. అమ్మేవాడు అలాగే టెస్ట్ చేసి ‘నడవదు’ అని చీటీ అంటించాడేమో! నాకొకసారి అలాంటిదే దొరికింది. ఇంటికి తెచ్చి రెండూ తగిలించి, లంకె దగ్గర నల్లగా పట్టిన మురికి గీకేసరికి టేబుల్ చివరిదాకా పరిగెత్తింది. అలాంటి అదృష్టం ప్రతిసారీ ఉండదు. అందుకే ఎలా టెస్ట్ చేశావని అతన్ని ముందే అడుగు. “అటక మీద దొరికింది, నాకేం తెలీదు” అంటే మనకి మంచిదే. “కాస్త కదిలి ఆగింది” అన్నా ఫర్వాలేదు. “పొగ వచ్చింది” అంటే మాత్రం ధర దగ్గర గట్టిగా బేరమాడు.

శనివారం వెళ్లేటప్పుడు తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు వైరు ముక్కలు, ఆ చవక మల్టీమీటరు జేబులో పెట్టుకో. ఈ బొమ్మలు 12 వోల్టుల డీసీ మీద నడుస్తాయి కాబట్టి బ్యాటరీతో భయం లేదు. ఇంజనూ టెండరూ తగిలించి, ఒక వైరు ఇంజను చక్రాలకీ, రెండోది అవతలి పక్క టెండరు చక్రాలకీ ఆనించు. పలక్కపోతే రెండు వైర్లూ నేరుగా మోటారుకే తగిలించి చూడు. అక్కడ తిరిగితే మోటారు బాగున్నట్టే, జబ్బు కరెంటు వచ్చే దారిలో ఉంది. గుయ్యిమని శబ్దం చేసి చక్రం కదలకపోతే పాత గ్రీజు మైనంలా గట్టిపడి గేర్లని పట్టేసి ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన వాటిలో చాలావాటి రోగం ఇదే. ఏమీ లేకుండా నిశ్శబ్దంగా ఉంటే బ్యాటరీ తీసేసి, మీటరుని రెసిస్టెన్స్ మీద పెట్టి మోటారుకి ఆనించు. సున్నా చూపిస్తే షార్ట్. అసలేమీ చూపించకపోతే బ్రష్ (మోటారుకి కరెంటు అందించే చిన్న కార్బన్ ముక్క) అరిగిపోయి కమ్యుటేటర్‌కి (మోటారులో తిరుగుతూ ఆ కరెంటు అందుకునే రాగి భాగానికి) ఆనడం లేదో, ఎక్కడో వైరు తెగిందో.

మోటారులో తిరిగే తీగచుట్ట, ఆర్మేచర్, కాలిపోయినా బెంగపడకు. పాత సీడీ డ్రైవుల్లో ఉండే చిన్న మోటార్లని ఈ టెండర్లలో బిగించే కిట్లు దొరుకుతున్నాయి. నాకు మనసొప్పదు గానీ, నిజం చెప్పాలంటే టెండర్లో మొదట్నుంచీ ఉన్న పాత రింగ్‌ఫీల్డ్ రకం మోటారు కంటే మెత్తగా నడుస్తాయి.

నన్ను భయపెట్టేది మోటారు కాదు, పోయిన చిన్న ముక్కలు. చక్రాల పక్కన కదిలే కడ్డీలు రెండు వైపులా ఉన్నాయా, వంగాయా? బఫర్లు, మెట్లు ఉన్నాయా? ఒక్క కడ్డీ కోసం ఆరు నెలలు సంతలన్నీ తిరిగాను. చివరికి దానికోసం ఇంకో పాడైన ఇంజనే కొన్నాను. మీ అత్తయ్యకి ఇప్పటికీ తెలీదు.

ఛాసిస్‌ని, అంటే కింది లోహపు చట్రాన్ని, టార్చి వేసి చూడు. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే ఆ లోహం ఏళ్ల తరబడి లోపలే ఉబ్బి, వెంట్రుకవాసి బీటలు పడి, చివరికి బిస్కట్టులా విరుగుతుంది. ఇక్కడివాళ్లు దీన్ని మజాక్ రాట్ అంటారు (మజాక్ అంటే ఆ జింకు మిశ్రమం). యుద్ధానికి ముందువాటిలోనూ, 2000 తర్వాత వచ్చిన కొన్నిటిలోనూ కనిపిస్తుంది. ఛాసిస్ వంగినట్టున్నా, గీతలు కనబడినా డబ్బులు జేబులోంచి తియ్యకు. దానికి మందు లేదు.

ఇక ధర. నడుస్తున్న ఇదే మోడల్ ఈ నెలలో ఎంతకి అమ్ముడుపోయిందో చూడు. అడిగే ధర కాదు, అమ్ముడుపోయిన ధర. అందులో సగం దాటితే నేనైతే కొనను. బ్రష్‌లు, స్ప్రింగులు, టెండరు చక్రాల రబ్బరు టైర్లు కొద్ది పౌండ్లలో వస్తాయి గానీ, అన్నీ కలిపితే లెక్క పెరుగుతుంది. తొందరపడకు కూడా. అసలు ఇంజను 1934లో గంటకు వంద మైళ్లు అందుకుంది కాబట్టి స్కాట్స్‌మన్ అంటే అందరికీ మోజే, అందుకే దాని బొమ్మలు లెక్కలేనన్ని చేశారు. ఇది పోతే వచ్చే నెల ఇంకోటి వస్తుంది.

కొన్నావనుకో, తుప్పు వదిలించే స్ప్రే మాత్రం కొట్టకు. నూనె కమ్యుటేటర్ మీదికి పాకితే మురికి ఇంకా పేరుకుంటుంది. ఏదీ విప్పకుండా టెండరుతో సహా ఆదివారం ఇటు తీసుకురా. అత్తయ్య గుత్తొంకాయ చేస్తానంది, షెడ్డులో రెండో కుర్చీ నేను ఖాళీ చేసి పెడతాను.

మామయ్య