పోయినసారి ధర పట్టుకుని వచ్చే పంట లెక్క వేయకండి

ప్రశ్న: పోయిన సీజన్‌లో దిగుబడి, ధర రెండూ బాగా వచ్చాయి. అదే లెక్కన చూస్తే ఈసారి 70 పెడితే 100 వస్తోంది. ఇంకొంత పొలం కౌలుకు తీసుకుందామనుకుంటున్నాను. పెట్టుబడిలో సగం ఇంట్లో దాచింది ఉంది, మిగతా సగం నూటికి నెలకు మూడు వడ్డీకి తెస్తాను. చేయొచ్చా?

జవాబు: వద్దండి. మీ కూడికల్లో తప్పు లేదు, లెక్క మొదలుపెట్టిన చోటే తప్పుంది. బాగా పండిన ఏడాదిని కొలతగా పెట్టుకోవడం చాలామంది రైతులు చేసే పొరపాటే, అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను. ధర బాగున్న పంటనే మరుసటి ఏడాది అందరూ వేస్తారు, సరుకు ఒక్కసారిగా మార్కెట్‌కు వస్తుంది, ధర పడిపోతుంది. కాబట్టి ఐదేళ్ల దిగుబడులు తీసుకుని, అన్నిటికంటే మంచిదీ అన్నిటికంటే చెడ్డదీ కొట్టేసి, మిగిలిన మూడింటి సగటు పట్టుకోండి. ధరకూ అంతే.

ఇప్పుడు మీ అంకెలే చూద్దాం. దిగుబడి ఐదో వంతు, ధర ఐదో వంతు తగ్గితే 100 కాస్తా 64 అవుతుంది, మీరు పెట్టింది 70. పైగా మీరు పంపిన ఖర్చుల కాగితంలో విత్తనం, ఎరువు, మందులు, దుక్కి, కూలీ అన్నీ ఉన్నాయి గానీ వడ్డీ అనే మాటే లేదు! పంట నాలుగు నెలలదే కావచ్చు, కానీ విత్తడానికి ముందే తెచ్చిన అప్పు అమ్మిన డబ్బు చేతికొచ్చేదాకా ఎనిమిది నెలలు నడిస్తే 35కి 8.40 వడ్డీ. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం, ఏ పొలం ఏటా నమ్మకంగా అంత ఇస్తుంది చెప్పండి? రవాణా, కమీషన్, తేమ పేరుతో కోసే తరుగు, మీ ఇంటివాళ్ల కష్టం కూడా ఆ కాగితంలోకి ఎక్కాలి.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఆ దాచిన డబ్బు. దాన్ని పొలంలో పోస్తే ఆ ఎనిమిది నెలలు ఇల్లు ఎలా నడుస్తుంది? ఒకరికి జ్వరం వచ్చినా, మోటారు కాలినా మళ్లీ అప్పే, అదీ అవసరంలో తెచ్చేది కాబట్టి ఇంకా ఎక్కువ వడ్డీకి. పంట డబ్బు వచ్చేదాకా, ఆపైన మరో మూడు నెలలకు సరిపడా ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో ఉండాలి, అది పెట్టుబడి కాదు, ముట్టుకోకండి. నిజంగా పంట పోయినప్పుడు, వచ్చే సీజన్‌కు విత్తనం కొననిచ్చేది కూడా అదే.

పంట బీమా గడువు దాటకముందే కట్టి, ఆ ప్రీమియాన్నీ ఖర్చులో రాసుకోండి. కాకపోతే అది సాధారణంగా దిగుబడి నష్టానికే, ధర పడిపోతే ఆదుకోదు. తక్కువ వడ్డీకి బ్యాంకు పంట రుణం దొరికితే అడగండి, కానీ ఉన్న పొలానికి మాత్రమే. కౌలు సంగతి, సగటు దిగుబడిని సగటు ధరలో 80 శాతానికే అమ్మినా వడ్డీతో సహా ఖర్చు తిరిగొస్తుందని కాగితం మీద తేలాక చూద్దాం.