కొరియన్ ఇంట్లో గ్రాడ్యుయేషన్‌కి పిలిచారు, వాళ్ళ నానమ్మని యుద్ధం గురించి అడగొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ల్యాబ్‌లో స్నేహితుడు ఫిబ్రవరిలో వాళ్ళ చెల్లెలి గ్రాడ్యుయేషన్‌కి రమ్మన్నాడు, యుద్ధం టైంలో ఇప్పటి ఉత్తర కొరియాలోని హామ్‌హంగ్ నుంచి దక్షిణానికి వచ్చేసిన వాళ్ళ నానమ్మ కూడా వస్తోంది, ఏం పట్టుకెళ్ళాలి, ఆ రోజుల గురించి ఆవిడని అడగొచ్చా, అసలు ఒక డిగ్రీ పట్టాకి ఇంటిల్లిపాదీ ఊళ్ళు దాటి రావడమేంటి అని.

నేను 2014 నుంచి 2019 దాకా పీహెచ్‌డీ కోసం దక్షిణ కొరియాలోని దేగులో ఉన్నాను. పై అంతస్తులో గది నాది, కింద ఓనర్లు. అక్కడ వరసలు మనలాగే కలిపేస్తారు కాబట్టి ఓనరమ్మని 'ఇమో' (పిన్ని) అనేవాణ్ణి, వాళ్ళమ్మని అందరిలాగే 'హల్మొని' (అమ్మమ్మ, నానమ్మ) అని. 2018 ఫిబ్రవరిలో ఇమో కూతురి గ్రాడ్యుయేషన్‌కి వాళ్ళతోపాటే కారులో ఇరుక్కుని వెళ్ళాను. నేను చెప్పేదంతా ఆ ఒక్క ఇంటి సంగతే, మీ స్నేహితుడి ఇంట్లో ఇంకోలా ఉండొచ్చు.

అడగొచ్చా అంటే, ఆ రోజు మాత్రం అడక్కండి. ఆవిడే చెప్పడం మొదలుపెడితే ఫోన్ జేబులో పెట్టేసి వినండి.

ముందు పూల సంగతి, ఎందుకంటే పరువు పోయేది అక్కడే. మనకి చామంతులంటే పండగ, పెళ్ళి, దేవుడు. అక్కడ తెల్ల చామంతి చావింటి పువ్వు. మొదటి ఏడాది ల్యాబ్ సీనియర్ గ్రాడ్యుయేషన్‌కి నేను దర్జాగా తెల్ల చామంతులు ఏరి కౌంటర్ మీద పెడితే, ఆ షాపావిడ నా మొహం చూసి, పువ్వులు చూసి, "ఎవరికి?" అని మెల్లగా అడిగింది. 'జోరోప్‌సిక్' (గ్రాడ్యుయేషన్) అన్నాను. మాట్లాడకుండా అవి లోపల పెట్టేసి గులాబీలు కట్టిచ్చింది. ఆవిడకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నా. షాపు దాకా వెళ్ళక్కర్లేదు కూడా, ఆ రోజు యూనివర్సిటీ గేటు బయట రోడ్డుకి రెండువైపులా బొకేలు పెట్టుకుని వరసగా కూర్చుంటారు, మధ్యాహ్నం దాటితే రేటు దిగుతుంది. చెల్లెలికి తెల్ల కవర్లో కొంచెం డబ్బు కూడా పెట్టొచ్చు, మీరు విద్యార్థి కాబట్టి పెట్టకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక నానమ్మ సంగతి. ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య జరిగిన ఆ యుద్ధాన్ని వాళ్ళు 'యుగియో' అంటారు, అంటే ఆరు-రెండు-ఐదు, జూన్ 25. 1950లో మొదలైన తేదీనే దానికి పేరు. 1953 జులై 27న కాల్పులు ఆపుతూ సంతకాలు పెట్టారు గానీ శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. పుస్తకాల్లో ఇదంతా చదువుకుని వెళ్ళిన నాకు, ఆ ఇంట్లో అప్పటికి నాలుగేళ్ళు ఉన్నా హల్మొని నోట ఆ మాట ఒక్కసారి కూడా వినపడలేదు. ఒక్క సుజేబి రోజు తప్ప. సుజేబి అంటే గోధుమపిండి ముద్దని చేత్తో తుంచి పులుసులో వేసి ఉడికిస్తారు, వానపడితే ఇమోకి అది తినాలనిపిస్తుంది. అందరం ఊదుకుంటూ తింటుంటే హల్మొని మాత్రం విడిగా అన్నం, కిమ్చి (వాళ్ళ క్యాబేజీ పచ్చడి) పెట్టుకుని కూర్చునేది. ఎందుకంటే, "నా వాటా ఎప్పుడో తినేశా" అంది. యుద్ధం తర్వాత అమెరికా నుంచి సాయంగా వచ్చిన పిండితో ఏళ్ళ తరబడి అదే తిన్నార్ట. మా తాత (మాది మహబూబ్‌నగర్ వైపు) గటక పేరెత్తితే సరిగ్గా ఇలాగే మొహం తిప్పుకునేవాడు, కాబట్టి నాకు ఇంకేం అడగబుద్ధి కాలేదు.

గ్రాడ్యుయేషన్ రోజు హాల్లో జరిగేదానికి ఎవరికీ పెద్ద పట్టింపు ఉండదు. మా హాల్లో సగం కుర్చీలు ఖాళీ. అసలు తంతు బయట చలిలో, ఫొటోలు. యూనివర్సిటీ పేరు చెక్కిన రాయి ముందు పెద్ద క్యూ. అక్కడ ఒక అలవాటు ఉంది, మీరూ చూస్తారు: పట్టా తీసుకున్న పిల్లలు ఆ నల్ల గౌను, టోపీ విప్పి అమ్మకీ నాన్నకీ నానమ్మకీ వేసి ఫొటో తీయిస్తారు. మనవరాలు టోపీ పెట్టబోతే హల్మొని ముందు "జుట్టు పాడవుతుంది" అని గొణిగింది, పొద్దున్నే పార్లర్‌కి వెళ్ళి రింగులు సరిచేయించుకుని వచ్చింది మరి. పెట్టాక మాత్రం కుచ్చు ఏ వైపు ఉండాలని రెండుసార్లు అడిగింది.

అప్పుడు చేతిలో ఉన్న మూట విప్పింది. పొద్దుటి నుంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఊదారంగు గుడ్డమూట అది. వాళ్ళు దాన్ని బోజగి అంటారు, చదరపు గుడ్డ, దేన్నయినా దాంట్లోనే కడతారు. నేను తిండే అనుకున్నా. కారులో నా మోకాలికి తగులుతూనే ఉంది, ఏ రైస్ కేకో అనుకుని లోపల కొంచెం ఆశపడ్డా కూడా. తీరా అందులో ఉన్నది పట్టాలు పెట్టే అట్ట ఫోల్డరు, పాతది, అంచుల దగ్గర బట్ట అరిగి ఉంది. మనవరాలి చేతికి రెండూ ఇచ్చింది, ఇది ఒక చేతిలో, కొత్తది ఇంకో చేతిలో పట్టుకోమని. ఇమో ఒక్క క్షణం ఏదో అనబోయి ఆగి, ఫోన్ నాకిచ్చి, తను కూడా వెళ్ళి పక్కన నిలబడింది. ఫొటో తీసింది నేనే. ఆ ఫోల్డర్ ఎవరిదో నాకు అప్పటికి తెలీదు.

తర్వాత భోజనం. గ్రాడ్యుయేషన్ రోజంటే జజాంగ్‌మ్యన్, నల్ల సాస్ కలిపిన నూడుల్స్. ఒకప్పుడు బయట తినడమే అబ్బురమైన రోజుల్లో పిల్లాడు బడి పాసైతే చైనీస్ హోటల్‌కి తీసుకెళ్ళేవాళ్ళట, ఆ అలవాటు మిగిలిపోయింది. హల్మొని నోరు విప్పింది అక్కడే, నూడుల్స్ కలుపుతూ.

ఆవిడది చిల్గోక్, నాక్‌దోంగ్ నదికి పడమటి గట్టున ఊరు. యుద్ధం వచ్చినప్పుడు తొమ్మిదేళ్ళు (ఆవిడ లెక్కలో పది, అక్కడ పుట్టగానే ఒకటి వేసుకునేవాళ్ళు). ఆ రోజుల్లో బడిపిల్లలు పుస్తకాలని గుడ్డలో చుట్టి నడుముకి కట్టుకునేవాళ్ళు. ఊరు వదిలేటప్పుడు వాళ్ళమ్మ ఆ గుడ్డ విప్పి పుస్తకాలు అరుగు మీద పెట్టేసి, అందులో బార్లీ గింజలు మూట కట్టింది. ఆవిడకి బాగా గుర్తున్నది బాంబులు కాదు, అది. వాళ్ళు వేగ్వాన్ వంతెన దాటిన రెండు రోజులకి, ఆగస్టు 3న, అమెరికా సైన్యం దాన్ని పేల్చేసింది, ఇంకా జనం దాని మీద ఉండగానే. ఉత్తర సేనలు నది దాటకూడదని. అప్పటికి దక్షిణం చేతిలో మిగిలింది దేగు, బుసాన్ ఉన్న ఆ మూల ఒక్కటే.

వాళ్ళ ఓప్పా, అదే, మనవాళ్ళు డ్రామాల్లో వినే మాట, అన్నయ్య, దేగులో చదువుతున్నాడు, పదిహేడేళ్ళు. ఆ ఆగస్టులోనే విద్యార్థి సైనికుడిగా వెళ్ళాడు, తిరిగి రాలేదు. అలా బడి బట్టలతో వెళ్ళిన పిల్లలు చాలామంది. పోహాంగ్‌లో ఒక బాలికల స్కూలు దగ్గర ఆగస్టు 11న 71 మంది విద్యార్థులు ఎదురు నిలబడితే 48 మంది పోయారు, ఆ ఊళ్ళో ఇప్పుడు వాళ్ళ పేరు మీద మ్యూజియం ఉంది. హల్మొని వెళ్ళి ఆ పేర్లలో వెతికించింది, లేడు. కొన్నేళ్ళ కిందట ఆయన చదివిన స్కూలు, యుద్ధానికి వెళ్ళి చదువు ఆగిపోయిన పాత విద్యార్థులకి గౌరవ పట్టాలు ఇచ్చింది. ఫోల్డరులో ఉన్నది అది.

హల్మొని చదువు మాత్రం ఆ పుస్తకాల దగ్గరే ఆగిపోయింది. తర్వాత దేగులో నూలు మిల్లులో చేరి, ఆ జీతంతో తమ్ముళ్ళని చదివించింది. ఇది చెప్తూ చెప్తూ బడిలో పాడే గ్రాడ్యుయేషన్ పాట కూనిరాగం తీసింది, 1946 నుంచి అన్ని బళ్ళలో పాడిన పాట. మొదటి చరణం కింది క్లాసుల పిల్లలు వెళ్ళిపోయే అక్కలకి, అన్నలకి పాడతారు, రెండోది వెళ్ళేవాళ్ళు పాడతారు, మూడోది అందరూ కలిసి. ఆవిడకి మొదటి చరణమే వచ్చు. రెండోది ఇమో అందుకుంది. ఆ పాటకి బాణీ కట్టిన జోంగ్ సున్‌చోల్‌ని కూడా 1950లో ఉత్తరానికి పట్టుకుపోయారని నాకు చాలా తర్వాత తెలిసింది.

ఒక పట్టాకి అంత హడావుడి ఎందుకన్నారు కదా. వాళ్ళకి 'ఉగోల్‌తాప్' అని ఒక మాట ఉంది, ఎద్దు ఎముకల గోపురం అని. యూనివర్సిటీని అలా అనేవాళ్ళు, రైతులు కాడెద్దుని అమ్మి ఫీజు కట్టేవాళ్ళు కాబట్టి. ఎకరం అమ్మి ఇంజనీరింగ్ చదివించిన ఊళ్ళ నుంచి వచ్చిన మనకి దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే వాళ్ళది ఇంకో మెట్టు ఎక్కువ, మధ్యలో బడే మాయమైపోయిన తరం అది. బుసాన్‌లో శరణార్థులు ఉన్నప్పుడు గుడారాల్లో క్లాసులు నడిపారు, అదీ అందనివాళ్ళు ఆగిపోయారు, ముఖ్యంగా ఆడపిల్లలు. హల్మొని వాళ్ళ చిల్గోక్‌లోనే ముసలితనంలో అక్షరాలు దిద్దిన నానమ్మల చేతిరాతతో 2020లో కంప్యూటర్ ఫాంట్లు వచ్చాయి, వెతికి చూడండి, ముద్దుగా ఉంటాయి. అలాంటి మనిషి నెత్తిన ఆ టోపీ పెట్టించుకోవడానికి మూడు గంటలు చలిలో నిలబడదా?

మీ స్నేహితుడి నానమ్మది హామ్‌హంగ్ అన్నారు, అది వేరే కథ. 1950 డిసెంబర్‌లో ఆ పక్కనే ఉన్న హుంగ్నామ్ రేవు నుంచి దాదాపు లక్షమంది జనాన్ని ఓడల్లో దక్షిణానికి తెచ్చారు. మెరెడిత్ విక్టరీ అనే సరుకుల ఓడ ఒక్కటే 14,000 మందిని ఎక్కించుకుని డిసెంబర్ 25న గోజే దీవికి చేరింది, దారిలో ఐదుగురు పిల్లలు పుట్టారు, నావికులు వాళ్ళకి కిమ్చి 1, కిమ్చి 2 అని పేర్లు పెట్టారు. అలా వచ్చినవాళ్ళలో చాలామంది రెండు మూడు వారాల్లో వెనక్కి వెళ్తామనే అనుకున్నారు. అందుకే 'సొంతూరు' అనే మాట ఆవిడ దగ్గర జాగ్రత్త. "మీదే ఊరు?" అని మనం బస్సులో అడిగినట్టు అడిగితే మీరు అనుకున్నదానికంటే ఎక్కువే కదిలిస్తారు. తిండి గురించి అడగండి. హామ్‌హంగ్ వాళ్ళకి చల్లటి నూడుల్స్ (నేంగ్‌మ్యన్) ప్రాణం, జజాంగ్‌మ్యన్ మానేసి ఆ చలిలో అక్కడికే తీసుకెళ్ళినా ఆశ్చర్యపోకండి. తినండి.

1983లో అక్కడి టీవీలో విడిపోయిన కుటుంబాలని కలిపే కార్యక్రమం 138 రోజులపాటు మొత్తం 453 గంటలు వచ్చింది, పదివేల పైచిలుకు కుటుంబాలు దొరికాయి. అప్పుడు ఇమోకి పదహారేళ్ళు. రాత్రి నీళ్ళు తాగడానికి లేస్తే వాళ్ళమ్మ చీకట్లో టీవీ ముందు కూర్చుని ఉండేదట. అన్నయ్య శవం దొరకలేదు కాబట్టి, ఖైదీగా దొరికి ఎక్కడో బతికే ఉన్నాడేమో అని. అసలు సంగతి వాళ్ళమ్మ అప్పట్లో చెప్పలేదు, తనూ అడగలేదు. కన్నకూతురే అడగలేదు, మీరెందుకు.

ఇంకొకటి, మీకు పనికొస్తుంది. లెఫ్టినెంట్ కర్నల్ రంగరాజ్ నాయకత్వంలో మన సైన్యం 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ 1950 నవంబర్‌లో కొరియా వెళ్ళింది, అందులో కొంతమంది దేగులోనే ఉండి అక్కడి జనానికి కూడా వైద్యం చేశారు. నాకు ఇది అక్కడికి వెళ్ళాకే తెలిసింది, మన స్కూల్ పుస్తకాల్లో చదివిన గుర్తు లేదు. ఇమో వాళ్ళాయనకి ఒకసారి చెప్పాను, ఆ తర్వాత ఎవరొచ్చినా నన్ను చూపించి అదే చెప్పేవాడు, కట్లు కట్టింది నేనే అన్నట్టు.

వాళ్ళతో ఇప్పటికీ కాకావోటాక్‌లో (అక్కడి వాట్సాప్ లాంటిది) పలకరింపులు ఉన్నాయి. రక్షణ శాఖ వాళ్ళు పాత యుద్ధభూముల్లో తవ్వి ఎముకలు తీసి డీఎన్ఏ పోలుస్తారు, ఇంకా దొరకనివాళ్ళు లక్షకు పైనే. హల్మొని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి బుగ్గ లోపల దూదిపుల్లతో శాంపిల్ ఇచ్చి వచ్చింది. ఇంకా ఫోన్ రాలేదు. తెలియని నంబర్ల నుంచి వచ్చే లోన్ కాల్స్ కూడా ఆవిడ ఎత్తుతుందని ఇమో విసుక్కుంటుంది.

అన్నట్టు, లోపల థర్మల్స్ వేసుకుని వెళ్ళండి. బాగా కనపడాలని ఫొటోలకి కోట్లు విప్పమంటారు, ఆ క్యూ మీరనుకున్నంత తొందరగా కదలదు.