హాస్టల్లో ఒకే దువ్వెన, తలలో చుండ్రు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 14 ఏళ్లు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు చూస్తే భుజాల మీద తెల్లటి పొట్టు రాలుతోంది, మాడంతా గోకి పుండ్లు చేసుకుంది. గదిలో 12 మంది పిల్లలు, ఎవరి దువ్వెన చేతికందితే దానితోనే దువ్వుకుంటారట. శుభ్రత లేకే అంటుకుందని మా అత్తగారు దాన్ని కోప్పడి, రోజూ రాత్రి కొబ్బరినూనె పట్టిస్తున్నారు. జుట్టు కత్తిరించేయమంటారా?

జవాబు: అమ్మా, జుట్టు జోలికి వెళ్లకండి, పిల్లను కోప్పడటం కూడా మాన్పించండి. చుండ్రు మురికి వల్ల పుట్టేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. మలసీజియా అనే శిలీంధ్రం మనందరి చర్మం మీదా ఉంటుంది. యుక్తవయసులో హార్మోన్ల ప్రభావంతో మాడులోని గ్రంథులు జిడ్డును ఎక్కువగా స్రవించడం మొదలుపెట్టాక, అది ఆ జిడ్డును తిని విడిచే ఆమ్లాలు కొందరికి పడక, చర్మం దురదపెట్టి పొలుసులుగా రాలుతుంది. కొవ్వే దాని ఆహారం కనుక తగ్గేదాకా నూనె ఆపండి. నూనె రాసినప్పుడు పొట్టు అణిగి తగ్గినట్టు కనిపిస్తుంది, అంతే. అత్తగారికి ఈ మాట మీరు చెప్పడం కన్నా ఈ పేజీ చూపించడమే సులువేమో!

అయితే దువ్వెన విషయంలో మీ అనుమానం వేరే కారణానికి సరైనదే. పేలు, తలలో వచ్చే తామర మాత్రం నిజంగా అంటుకుంటాయి. వెంట్రుకకు పట్టుకున్న తెల్లచుక్క విదిలించినా రాలకుండా, గోళ్లతో పట్టి లాగితే గానీ ఊడకపోతే అది ఈపి. విదిలించగానే రాలితే చుండ్రు. గుండ్రంగా జుట్టు ఊడిన మచ్చలుంటే తామరేమో చూపించాలి. కాబట్టి దువ్వెన, తువ్వాలు, దిండు గలీబు ఎవరివి వారికే ఉండాలి.

మందుకు వస్తే, కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, 4 వారాల పాటు వాడవచ్చు; పుండ్లు పడ్డాయంటున్నారు కనుక ముందు ఒకసారి డాక్టరుకు చూపించి మొదలుపెట్టండి. నురుగు మాడుకు పట్టించి 3 నుంచి 5 నిమిషాలు ఉంచితేనే పనిచేస్తుంది. హాస్టల్లో కుదరనిది ఇదే: తెల్లవారుజామున కుళాయి దగ్గర వరుసలో నిలబడ్డ పిల్లకు అయిదు నిమిషాలు ఎవరిస్తారు? హడావిడిగా కడిగేసుకుని, తడి జుట్టునే రెండు జడలు వేసి రిబ్బన్లతో మడిచి కడతారు. మన కోనసీమ ఉక్కలో అది సాయంత్రానికి గానీ ఆరదు, చెమ్మకు దురద పెరుగుతుంది. బుధవారం సాయంత్రం, ఆదివారం ఉదయం తలస్నానానికి వీలు కల్పించమని వార్డెన్ గారిని అడగండి. 4 వారాలకూ తగ్గకపోతే రాజమండ్రిలోనో కాకినాడలోనో చర్మవైద్యులను కలవండి. సంక్రాంతికి పిల్ల ఇంటికొచ్చాక ఎలా ఉందో రాయండి.