మంచు తెల్లగానే ఉంది, అనుమానం కెమెరాకే

ప్రశ్న: స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఇది నా మొదటి చలికాలం. కంటికి తెల్లగా మెరిసిపోయే మంచు ఫొటోలో మాత్రం బూడిద కలిపినట్టు వస్తోంది. కెమెరా మార్చాలా? తీరంలో, పల్లెల్లో తీయడానికి ఏ నెల మంచిది?
– ఒక పాఠకుడు, గోథెన్‌బర్గ్

జవాబు: కెమెరా జోలికి వెళ్లకండి, డబ్బు దండగ. లోపలున్న, వెలుతురు కొలిచే మీటర్‌కి ఎదురుగా ఏది కనిపించినా దాన్ని మధ్యరకం బూడిద రంగు వెలుగుకి తేవడమే పని. ఫ్రేమ్ నిండా మంచుంటే వెలుతురు మరీ ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1 దగ్గర మొదలుపెట్టండి, ఎండ పడుతున్న మంచైతే 2 దాకా కూడా వెళ్లొచ్చు. స్క్రీన్ చూసి మోసపోవద్దు, బయట చీకటిగా ఉంటే అందులో ప్రతి ఫొటో వెలుగ్గానే కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎడమవైపు, వెలుగు కుడివైపు చూపే గ్రాఫ్) చూడండి, కుడి అంచు దగ్గరికి రావాలి, అంచుకి గుద్దుకోకూడదు. నీడలు నీలంగా వచ్చాయని కంగారు పడి రంగు ఛాయ సరిచేసే వైట్ బ్యాలెన్స్‌తో మొత్తం కడిగేయకండి, అక్కడ పడేది ఆకాశం నుంచి వచ్చే వెలుతురు, అది నిజంగానే నీలం.

నెల సంగతంటారా, అందరూ డిసెంబర్ అంటారు, నేను ఫిబ్రవరి అంటాను. డిసెంబర్ చివర్లో స్టాక్‌హోమ్‌లో పగలు ఆరు గంటలే, మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 7 డిగ్రీల పైకి వెళ్తే గొప్ప, మబ్బు పట్టిందా ఇక రోజంతా మునిమాపే. ఫిబ్రవరి మధ్యకి వచ్చేసరికి పగలు తొమ్మిది గంటలు దాటుతుంది, అయినా సూర్యుడు కిందకే ఉంటాడు కాబట్టి మంచు మీది ప్రతి గాలి గీతా పక్క వెలుతురులో తేలుతుంది. పైగా సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు, సాయంత్రం రంగులు చాలాసేపు నిలుస్తాయి, ట్రైపాడ్ బిగించుకోవడానికి టెన్షన్ ఉండదు.

మీకు దగ్గర్లోనే ఉత్తరాన బోహుస్‌లేన్ తీరం ఉంది, స్మోగెన్, ఫ్యెల్‌బాకా వైపు వెళ్లండి. అక్కడ మంచు సరిగా నిలవదని చాలామంది వెళ్లరు, నాకైతే అదే నచ్చుతుంది. గులాబీ ఛాయ గ్రానైట్ బండ, అడుగున అల తడిపిన నల్లటి చార, దాని పైన పలచగా గాజులా కట్టిన ఐసు, తెల్లదనం కేవలం బండ పగుళ్లలో. ఇంత సరుకుంటే తెల్లటి దుప్పటి ఎవరికి కావాలి? పూర్తిగా గడ్డకట్టిన సముద్రమే కావాలంటే మాత్రం ఈ పశ్చిమ తీరం పనికిరాదు, నీళ్లలో ఉప్పు ఎక్కువ. స్వీడన్, ఫిన్లాండ్ మధ్యనున్న బోత్నియా అఖాతం ఉత్తర కొసలో ఉప్పు చాలా తక్కువ, ఏటా గడ్డకడుతుంది. అక్కడి లూలియో ఊళ్లో చలి సరిపోయినంత ఉంటే దీవులకి సముద్రం మీదే దారి వేస్తారు. రాతి ఆకారాలు ఇష్టమైతే గోట్లాండ్ పక్కనున్న ఫోరో దీవి, ఒంటరి లైట్‌హౌస్ కావాలంటే ఓలాండ్ దీవి దక్షిణ కొసన 1785లో కట్టిన లోంగె యాన్. రెండుచోట్లా గాలి చంపేస్తుంది, ట్రైపాడ్‌కి సంచీ వేలాడదీయండి.

పల్లెల్లో ఎర్ర ఇళ్లు ఎలాగూ తీస్తారు. ఆ రంగు ఫాలున్ రాగి గని మట్టితో మొదలైంది, మంచులో ఎంత దూరం నుంచైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అందుకే ఇంటిని ఫ్రేమ్ మధ్యలో పెద్దగా పెట్టాల్సిన పనిలేదు, మూలన చిన్నగా పెట్టినా చాలు. డిసెంబర్‌కి నేను ఇచ్చే ఒకే ఒక్క మార్కు కిటికీల్లోని నక్షత్ర దీపాలకి. క్రిస్మస్ అలంకరణ జనవరి 13 దాకా ఉంచే ఆనవాయితీ ఉంది కాబట్టి, మంచు పడిన రోజు చూసుకుని, బయటి నీలం, లోపలి పసుపు సమానంగా ఉన్నప్పుడు తీయండి.

ప్రశ్న: ఇక్కడ ఎవరి పొలంలోకైనా వెళ్లి ఫొటోలు తీయొచ్చట, నిజమేనా? గడ్డకట్టిన చెరువు మధ్యలో నిలబడి తీయాలనుంది.
– ఒక పాఠకురాలు, స్టాక్‌హోమ్

జవాబు: మొదటిది చాలావరకు నిజం. అల్లెమన్స్‌రెట్టెన్ అనే ఈ హక్కు 1994 నుంచి రాజ్యాంగంలో కూడా ఉంది. ఇబ్బంది పెట్టకూడదు, పాడుచేయకూడదు, అంతే షరతు. నేల గడ్డకట్టి మంచు కప్పిన పొలంలో పైరుకి నష్టం లేకపోతే నడవొచ్చు. ఇంటి ఆవరణలోకి మాత్రం వద్దు, కంచె లేకపోయినా సరే.

రెండోదానికి నా జవాబు కాస్త కటువుగానే ఉంటుంది. గట్టి ఐసు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి, ఒంటరిగా వెళ్లకూడదు, మెడలో ఐసు సూదుల (పిడి ఉన్న మొనదేలిన మేకులు) జత వేలాడుతూ ఉండాలి, పడితే వాటిని గుచ్చి పైకి పాకాలి. వంతెనల కింద, ఇరుకు పాయల్లో, వాగు కలిసేచోట, రెల్లు పక్కన ఐసు పలచన, పైన మంచు పడితే అది కనిపించదు కూడా. చలికాలం చివర్లో మందంగా ఉన్నా లోపల పుచ్చిపోయి ఉంటుంది. తెలిసినవాళ్లు తోడు లేకపోతే ఒడ్డునే నిలబడండి. రెల్లు కాడల చుట్టూ నీటి మట్టం దగ్గర గాజు ఉంగరాల్లా కట్టిన ఐసు ఒడ్డు నుంచే దొరుకుతుంది, దూరాన్ని దగ్గరగా చూపే టెలీ లెన్స్ పెట్టి తీయండి.

ప్రశ్న: ఇంట్లోకి రాగానే లెన్స్ అంతా ఆవిరి. బ్యాటరీ కూడా గంటకే చచ్చిపోతోంది.
– ఒక పాఠకుడు, ఉప్సలా

జవాబు: బయట ఉండగానే కెమెరాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ తర్వాతే లోపలికి తీసుకురండి. చల్లదనం పోయేదాకా, అంటే రెండు మూడు గంటలు, తెరవకండి. ఫొటోలు వెంటనే చూడాలనిపిస్తే కార్డు బయటే తీసి జేబులో వేసుకోండి. స్పేర్ బ్యాటరీ లోపలి చొక్కా జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. చచ్చిందనుకున్నది కూడా వెచ్చబడితే ఇంకొన్ని ఫొటోలకి వస్తుంది, అప్పుడే పారేయకండి.