కరెంటు పెట్టించుకున్నా నడుము నొప్పి మళ్లీ మొదటికొస్తోంది.. ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 41. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. ఐదు నెలలుగా నడుము, మెడ నొప్పితో బాధపడుతున్నాను. ఎమ్మారై తీయిస్తే నడుములో ఒక డిస్క్ కొద్దిగా ఉబ్బిందని వచ్చింది. పది రోజులు ఫిజియోథెరపీకి వెళ్లి కరెంటు, వేడి పెట్టించుకున్నాను. అప్పుడు హాయిగా ఉంది కానీ, మానేయగానే నొప్పి మళ్లీ మొదలైంది. వంగితే డిస్క్ జారిపోతుందేమోనని రోజంతా బెల్టుతోనే ఉంటున్నాను. ఆపరేషన్ చేయించుకోవాలా?
- ఓ పాఠకురాలు

జవాబు: మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే ఆపరేషన్ అవసరం కనిపించడం లేదు. అంతకంటే ముందు మీ భయం పోవాలి. ఇన్నాళ్లుగా నొప్పి తగ్గకపోవడానికి అది కూడా ఒక కారణమే అనుకుంటున్నాను.

ఏ నొప్పీ లేని వాళ్లకు ఎమ్మారై తీసినా, మీ వయసు వారిలో దాదాపు సగం మందికి ఇలాంటి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. వయసుతో పాటు జుట్టు నెరిసినట్టే ఇదీను. డిస్క్ తన పైనా కిందా ఉన్న వెన్నుపూసలకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. మామూలుగా వంగినంత మాత్రాన జారి బయటపడదు. కానీ జారుతుందన్న భయంతో మనిషి వంగడం మానేస్తాడు, నడుమును బిగపట్టి నడుస్తాడు. కొన్నాళ్లకు కండరాల్లో సత్తువ తగ్గి, కింద పడ్డ పెన్ను తీయడం కూడా కష్టమైపోతుంది. బెల్టు ఎప్పుడూ ఉంటే ఆ భయం పోయే అవకాశమే ఉండదు. కాబట్టి నెమ్మదిగా దాన్ని వాడే సమయం తగ్గించండి.

ఇక ఫిజియోథెరపీ సంగతి. కరెంటు, వేడి నొప్పిని కాసేపు శాంతింపజేస్తాయి. వాటి పని అంతవరకే. కండరాలకు బలం రావాలంటే మీరే కదలాలి, రోజూ చేయాలి. యంత్రం కింద పడుకోబెట్టి పంపేస్తే అది సగం వైద్యమే. మంచి ఫిజియోథెరపిస్టు ముందు మిమ్మల్ని ముందుకీ వెనక్కీ వంచి చూస్తారు. ఏ కదలికతో నొప్పి పెరుగుతోంది, దేనితో తగ్గుతోంది అని గమనించి, దాన్ని బట్టి వ్యాయామాలు నేర్పుతారు.

మెడకు ఒకటి మీరే మొదలుపెట్టొచ్చు. నిటారుగా కూర్చుని, చూపు ఎదురుగా ఉంచి, తల కిందికి వంచకుండా గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగండి. మెడ వెనుక సాగినట్టు తెలుస్తుంది. ఐదు సెకన్లు ఆపి వదలండి. ఇలా పదిసార్లు చేయండి. నడుముకైతే మోకాళ్లు, అరచేతులు నేలపై ఆనించి, కుడి చేయి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపండి. నడుము పక్కకు ఒరిగిపోతుంటే కాలు ఎత్తు తగ్గించండి. తర్వాత రెండోవైపు. వీటితో పాటు రోజూ నడక ఉండాలి.

వ్యాయామం చేసేటప్పుడు కాస్త నొప్పి తెలిస్తే టెన్షన్ పడకండి. మర్నాటికి సర్దుకుంటే ఇబ్బంది లేదు, సర్దుకోకపోతే మోతాదు తగ్గించండి. చాలామంది పొరబడే విషయం ఇంకొకటి ఉంది. నడుము నుంచి కాల్లోకి పాకే నొప్పి ఉన్నవారికి వ్యాయామంతో ఆ నొప్పి కాలు వదిలి నడుములోకి వస్తే, నడుములో కాస్త ఎక్కువైనట్టు అనిపించినా అది మంచి సూచనే. నొప్పి పాదం వైపు దిగుతుంటే మాత్రం ఆ వ్యాయామం ఆపి ఫిజియోథెరపిస్టుకు చెప్పాలి.

ఫలితం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. నొప్పి తగ్గాక కూడా వ్యాయామాలు మానొద్దు. ఆఫీసులో ఎలా కూర్చోవాలి అని అందరూ అడుగుతారు గానీ, ఎంత చక్కగా కూర్చున్నా గంటల తరబడి అలాగే ఉంటే నొప్పి వస్తుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. నొప్పి మాత్రలు డాక్టర్ సలహా లేకుండా రోజుల తరబడి వాడితే కడుపు, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మూత్రం, మలం మీద అదుపు తప్పినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాలు బలహీనపడుతున్నా వ్యాయామాలు పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మెడ నొప్పితో పాటు చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, నడకలో తూలుతున్నా వెన్నుపాముపై ఒత్తిడి పడుతోందేమో చూడాలి. దీన్ని వాయిదా వేయకూడదు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, పడిపోయిన తర్వాత మొదలైన నొప్పి.. వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్‌కు చూపించుకుని, ఆ తర్వాతే ఫిజియోథెరపీకి వెళ్లండి.