సమాధానం: హోమ్‌లో ఉన్న అమ్మకి నడుం కింద పుండు

అన్నా, నెల్లూరు వృద్ధుల హోమ్‌లో ఉన్న మీ అమ్మగారికి నడుం కింద పుండు పడిందని, అడిగితే హోమ్ వాళ్లు వయసైపోయింది కదా మామూలే అన్నారని రాశారు, అది చదివి ఊరుకోలేకపోయా. వయసు వల్ల కాదన్నా, ఒకే పక్కన గంటలకొద్దీ పడుకోబెడితే ఒత్తిడికి అక్కడ రక్తం ఆడక చర్మం చచ్చిపోద్ది, దాన్నే బెడ్ సోర్ అంటారు, చాలావరకు రాకుండా ఆపొచ్చు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, తడిసిన డైపర్ ఎంటనే తీసేయాలి, ఎర్రబడిన చోట అసలు రుద్దకూడదు. ఎయిర్ బెడ్ (గాలి పరుపు) వేశాం అంటారు, వేసినా పక్క మార్చాల్సిందే.

ముందు డాక్టర్‌కి చూపించండి, చీము, వాసన, జ్వరం ఉంటే ఈరోజే. పుండు ఫోటో తేదీతో తీసి పెట్టుకోండి. పక్క మార్చిన టైములు రాసే చార్టు అడగండి, చార్టు లేదు అంటే పక్క మార్చట్లేదేమోనని అర్థం చేసుకోండి. చెప్పకుండా రాత్రి భోజనం టైముకి వెళ్లండి, ఎంతమందికి ఎందరు ఆయాలున్నారో అప్పుడే తెలుస్తది.

అయినా మారకపోతే పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఎల్డర్ లైన్ 14567కి ఫోన్ చేయండి, ఫ్రీ. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. అమ్మని అక్కడే ఉంచాలా అనేది మాత్రం పుండు మానేదాకా ఆగకుండా ఇప్పుడే ఆలోచించండన్నా.