నొప్పా, మంటా?

సందేహం: మా అన్నయ్యకు ఐదు నెలలుగా పొత్తికడుపు కింద, కూర్చునే చోట బాధ. డాక్టరు ‘నొప్పా, మంటా?’ అని అడిగితే ‘రెండూ ఒకటేగా’ అన్నాడు. మిరపకాయల్లోని క్యాప్సైసిన్ ఉన్న క్రీము పైపూతగా రాసిచ్చారు. నొప్పి, మంట వేరువేరా? ‘పెల్విక్ పెయిన్’ను కటి నొప్పి అనవచ్చా?

సమాధానం: వేరే. నొప్పి అన్నిటికీ చెల్లే మాట, మంట అందులో ఒక రకం. వండు నుంచి వంట, పండు నుంచి పంట వచ్చినట్టే మండు నుంచి మంట వచ్చింది. పొడుచు నుంచి పోటు పుట్టింది: కత్తిపోటు, తలపోటు, పంటిపోటు. పుండు సలుపుతుంది, కాళ్లు పీకుతాయి, కన్ను చిమచిమలాడుతుంది. ఇన్ని మాటలుండగా అన్నిటికీ ‘నొప్పి’ అనేసి ఊరుకోవడం నాకు బాధగా ఉంటుంది. పైగా నెలల తరబడి సాగే ఈ పెల్విక్ పెయిన్‌ను ఇదీ అని తేల్చే స్కాన్ ఒక్కటీ లేదు. మూత్రపరీక్షల్లాంటివి ఇన్ఫెక్షన్ లేదని చూడటానికే. గత ఆరు నెలల్లో కనీసం మూడు నెలలు బాధ ఉందా, ఎక్కడ, ఎలా అన్న రోగి మాటే ఆధారం. మంట, చురుకు అంటే నరాల వైపు, పట్టేసినట్టు, గుంజినట్టు అంటే కండరాల వైపు డాక్టరు ఆలోచన వెళ్తుంది.

మీ అన్నయ్య క్రీము సంగతికొస్తే, కారం తిన్నా నిప్పు తగిలినా మనం ‘మంట’ అనే అంటాం. అది పోలిక కాదు, నిజంగానే ఒకటి. సుమారు 43 డిగ్రీల వేడికి మేలుకొనే నరాల గ్రాహకమే (వేడిని పసిగట్టే ప్రొటీనే) క్యాప్సైసిన్‌కూ మేలుకొంటుందని 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 2021 నోబెల్ బహుమతి ఆయనకు దక్కడంలో దీనికీ పాలుంది. పదేపదే రాస్తే మొదట మండి, తర్వాత ఆ నరాలు మొద్దుబారతాయి. ఎక్కడ, ఎంత రాయాలో డాక్టరు చెప్పినట్టే చేయాలి. ఇంట్లో కారం నూరి రాయడం మాత్రం వద్దే వద్దు.

ఇక ‘కటి’. సంస్కృతంలో నడుము, పిరుదుల భాగం. ‘కటి నొప్పి’ అంటే మనవాళ్లకు నడుంనొప్పే తోస్తుంది. పాఠ్యపుస్తకాల ‘శ్రోణి’ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. ‘మొల’ ఉందిగా అంటారేమో. మొలతాడు కట్టే చోటు అదే. కానీ మొలలో బాధ అంటే వినేవారికి మొలలు, అంటే పైల్స్, గుర్తొస్తాయి. అందుకే ‘పొత్తికడుపు కింది భాగపు నొప్పి’ అని విడమరచడమే మేలు.

మగవాళ్లు ఈ చోటు పేరెత్తడానికి సిగ్గుపడి ‘వేడి చేసింది’ అని బార్లీ నీళ్లు, మజ్జిగ తాగుతూ నెలలు గడిపేస్తారు. మీ అన్నయ్యను ఈసారి ఇలా చెప్పమనండి: ‘వృషణాలకూ మలద్వారానికీ మధ్య మంట. కూర్చుంటే ఎక్కువ. మూత్రం పోసేటప్పుడు పోటు.’

వాటిలో ఏది నిజంగా ఉంటే అదే చెప్పాలి సుమా.